ఉద్యోగం పోయిన రోజు ఏ దేశం ఎలా ఉంటుంది

(జగిత్యాలలో డిగ్రీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, పర్వాలేదు, కూర్చోండి.

లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక చెల్లె ఆపి అడిగింది. ఫైనలియర్ అట. "మేడం, ఇన్ని దేశాలు తిరిగినారు కదా, ఏ దేశం మంచిది? ఒక్కటి చెప్పండి చాలు" అంది. ఎక్కడ కూర్చున్నావు చెల్లే? ఆ, అక్కడ. నీ ప్రశ్నకే నా దగ్గర గంటసేపటి జవాబు ఉంది. నేను చాలా దేశాలు తిరగలేదు. అమెరికాలో పన్నెండేళ్లు ఉన్నాను, కెనడాకు పోయి ఆరేళ్లు దాటింది. మా తమ్ముడు జర్మనీలో ఇంజనీరు. మా చిన్నమ్మ కూతురు మెల్‌బోర్న్‌లో నర్సు. వీళ్లందరికంటే ముందు మా బాపు, అంటే మా నాన్న, షార్జాలో 22 ఏళ్లు షట్టరింగ్ పని చేశాడు. ఒక్క ఇంట్లో ఐదు దేశాలు.

మా ఇల్లు ఒక్కటే ఇట్లా ఉందా? ఇంట్లో ఒక్కరైనా గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చేతులెత్తండి. చూడండి, సగం హాలు. అమెరికా? కెనడా, ఆస్ట్రేలియా, లండన్? మిగతా సగం. రెండుసార్లు ఎత్తినవాళ్లు కూడా ఉన్నారు. మన జిల్లా సంగతే అంత. ఒకే బస్టాండులో ఒక కొడుకు సౌదీకి, ఇంకో కొడుకు చికాగోకి ఎక్కుతాడు. కానీ మాట్లాడేటప్పుడు గల్ఫ్ వేరు, అమెరికా వేరు అంటాం. అది బతుకుదెరువు, ఇది భవిష్యత్తు అంటాం. ఆ గీత అంత గట్టిది కాదని నాకు ఒక ఫోన్‌కాల్‌లో తెలిసింది. ఆ ఫోన్ సంగతి తర్వాత చెప్తా, ముందు జాబితాల గురించి రెండు మాటలు.

ఫోన్‌లో వెతికితే మంచి దేశాల జాబితాలు పది వస్తాయి. అందులో అందరూ నమ్మేది ఐక్యరాజ్యసమితి వాళ్ల మానవాభివృద్ధి సూచీ. 1990లో మొదలైంది. మహబూబ్ ఉల్ హక్ అనే పాకిస్తాన్ ఆర్థికవేత్త తెచ్చాడు, వెనక మన అమర్త్య సేన్ ఆలోచన ఉంది. ఎన్నేళ్లు బతుకుతారు, ఎన్నేళ్లు చదువుతారు, ఎంత ఆదాయం, ఈ మూడూ కలిపి కొలుస్తారు. 2025లో వచ్చిన నివేదికలో జర్మనీ 5, ఆస్ట్రేలియా 7, బ్రిటన్ 13, కెనడా 16, అమెరికా 17. మన దేశం 130. మరి షార్జా ఉన్న యూఏఈ ఎంతో చెప్పగలరా? 15. అంటే కెనడా కన్నా, అమెరికా కన్నా పైనే ఉంది.

మా బాపు పనిచేసిన దేశం అది. నేను ఆ లెక్క తప్పనడం లేదు. ఆ దేశం నిజంగానే ఎదిగింది, ఆసుపత్రులు, రోడ్లు, బడులు చూస్తే తెలుస్తుంది. కానీ అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బయటినుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో బ్యాంకు మేనేజరు ఉన్నాడు, ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకుని పన్నెండు మందితో పడుకున్న మా బాపూ ఉన్నాడు. ఆ 15 అనే అంకె ఎవరి బతుకుది?

నగరాల జాబితాలు ఇంకో రకం. ఎకనామిస్ట్ సంస్థ వాళ్ల జాబితాలో 2011 నుంచి 2017 దాకా ఏడేళ్లు వరసగా మెల్‌బోర్న్ మొదటి స్థానంలో ఉంది. మన పిల్లలు ఆ మాట చూసి అక్కడికి అప్లై చేశారు. కానీ కంపెనీలు తమ ఆఫీసర్లను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపేటప్పుడు, ఆ ఊళ్లో కష్టానికి ఎంత అలవెన్సు ఇవ్వాలో తేల్చుకోవడానికి వాడే లెక్క అది. ఇల్లు కంపెనీ ఇస్తుంది, ఇన్సూరెన్సు కంపెనీ ఇస్తుంది, పని అయిపోతే టికెట్టూ కంపెనీయే ఇస్తుంది. మనం పోయేది అట్లానా? లోను తీసుకుని, పొలం తనఖా పెట్టి పోతాం. మనకు వేరే కొలత కావాలి.

నా కొలత ఇది. అన్నీ బాగున్న రోజు ఏ దేశమైనా బాగానే ఉంటుంది. జీతం పడింది, ఆరోగ్యం బాగుంది, శనివారం ఇండియన్ స్టోర్‌లో గోంగూర దొరికింది అనుకోండి, ఆ రోజు డాలస్ ఒక్కటే, టొరంటో ఒక్కటే. బాగాలేని రోజున ఆ దేశం మనిషిని ఏం చేస్తుంది? ఆ రోజు చూడాలి. నాకు అలాంటి రోజు రెండు దేశాల్లో వచ్చింది, అదే కష్టం, అదే నేను. అందుకే ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నా.

2017 అక్టోబరు 3, మంగళవారం. డాలస్‌లో టెస్టింగ్ లీడ్‌గా చేస్తున్నా. హెచ్‌1బీ మీద, అంటే కంపెనీ పేరు మీద వచ్చే ఉద్యోగ వీసా మీద, ఏడో ఏడు. పొద్దున తొమ్మిదిన్నరకు పావుగంట మీటింగ్ అని పిలిచారు. అది అయ్యేలోపు నా లాప్‌టాప్ లాక్ అయిపోయింది. నాతోపాటు ఇంకో ముప్పై మంది. మంచిగానే మాట్లాడారు, రెండు నెలల జీతం ఇస్తామన్నారు. నాకు డబ్బు గురించి భయం వేయలేదు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ లోపల ఇంకో కంపెనీ మన పేరు మీద పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకు మారాలి, అదీ కాకపోతే దేశం వదలాలి. ఆ 60 రోజుల గడువు కూడా ఆ ఏడాది జనవరిలోనే వచ్చింది, అంతకు ముందు అదీ లేదు.

మా వంటింట్లో ఫ్రిజ్ మీద తెలుగు క్యాలెండర్ ఉండేది. ఇండియన్ స్టోర్ వాళ్లు ఇచ్చింది, తిథులు, వర్జ్యాలు అన్నీ ఉండేవి. మా ఆయన ఎర్ర స్కెచ్‌పెన్‌తో డిసెంబరు 2 చుట్టూ సున్నా చుట్టాడు. రోజూ రాత్రి ఒక గడి కొట్టేసేవాళ్లం. ఆ గడుల మధ్యే దీపావళి వచ్చింది. దీపాలు పెట్టామా అంటే పెట్టాం. మా పాపకప్పుడు ఆరేళ్లు. ఒకరోజు ఫ్రిజ్ ముందు నిలబడి గడులు లెక్కబెట్టి, "అమ్మా, అన్నీ అయిపోతే ఏమైతది?" అంది. ఆ పిల్ల అమెరికాలో పుట్టింది, అమెరికా పౌరురాలు. తనని ఎవరూ పొమ్మనరు. తల్లిని పొమ్మంటారు. ఆరేళ్ల పిల్లకు ఇది ఎట్లా చెప్తాం?

మా ఆయన ఉద్యోగం ఉంది కదా అనుకుంటారేమో. ఆయన పర్మిట్ కూడా నా హెచ్‌1బీకి కట్టి ఉండేదే. నాది పోతే ఆయనదీ పోతుంది. ఒక తాడు తెగితే ఇద్దరం పడతాం.

ఆ వారంలోనే ఇంటికి ఫోన్ చేశాను. చెప్పొద్దనుకున్నా, బాపు గొంతు వినగానే చెప్పేశా. బాపు అయ్యో అనలేదు, ధైర్యం చెప్పలేదు. ఒక్కటే అడిగాడు. "ఎన్ని దినాలు టైమిచ్చిన్రు బిడ్డా?" అన్నాడు. 60 రోజులు బాపూ అన్నా. కాసేపు ఆగి, "మాకు నెల ఇచ్చేటోళ్లు" అన్నాడు.

నేను ఎంఎస్ చదివినదాన్ని. ఆయన నాలుగో తరగతి. నాకు ఏసీ ఆఫీసు, ఆయనకు ఎండలో సెంట్రింగ్. నా జీతం ఆయన జీతానికి ఎన్ని రెట్లో చెప్పలేను. కానీ ఆ సంగతి విన్న వెంటనే అడగాల్సిన మొదటి ప్రశ్న ఏమిటో ఆయనకు తెలుసు. మా కొలీగ్ ఒకామె, తెల్లావిడ, అదే రోజు ఉద్యోగం పోయింది, ఆమెకు ఆ ప్రశ్నే తట్టలేదు. "కొన్నాళ్లు రెస్ట్ తీసుకో" అంది నాతో. ఆమె మంచిదే. ఆమెకు తెలియదు అంతే. ఒకే ఆఫీసు, ఒకే అమెరికా, ఒకే మంగళవారం. ఆమె బతికే దేశం వేరు, నేను బతికే దేశం వేరు.

నాకు 48వ రోజున ఉద్యోగం దొరికింది, 57వ రోజున పిటిషన్ పడింది. దేవుడి దయ. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో నిద్ర మారిపోయింది. గ్రీన్‌కార్డు, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే కార్డు, వచ్చేదాకా ఓపిక పట్టమన్నారు అందరూ. ఎన్నాళ్లు? ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. ఏ దేశం వాళ్లకైనా అందులో 7 శాతమే. ఐస్‌లాండ్‌కూ 7 శాతమే, ఇండియాకూ 7 శాతమే. అందుకే మనవాళ్ల లైన్ పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. ఆ లైన్‌లో ఉండగానే ఇండియాలో పుట్టిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నుంచి బయటికి పడిపోతారు. మూడేళ్లప్పుడు పోయిన పిల్లాడు, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష సరిగ్గా రాని పిల్లాడు, 21 రాగానే తన సొంతానికి స్టూడెంట్ వీసా వెతుక్కుంటాడు. మా స్నేహితురాలి ఇంట్లో చూశాను. తల్లి ఆ పిల్లాడి పుట్టినరోజు కేకు కోసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంది.

సరే, 2019లో కెనడా పోయాం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతిలో. వయసుకు, చదువుకు, ఇంగ్లీషుకు, అనుభవానికి పాయింట్లు. ముప్పై నిండితే వయసు పాయింట్లు ఏటా తగ్గుతూ పోతాయి, పిల్లలు గుర్తుంచుకోండి. మేం విమానం దిగిన రోజే పర్మనెంట్ రెసిడెంట్లం, అంటే శాశ్వత నివాసులం, పీఆర్ అంటారు.

ఏం పోగొట్టుకున్నామో కూడా చెప్పాలి కదా. నా జీతం మూడో వంతు తగ్గింది. టొరంటో పక్కన మిస్సిసాగాలో రెండు గదుల ఇంటి అద్దె డాలస్‌లో మా మూడు గదుల ఇంటికన్నా ఎక్కువ. మా ఆయన సివిల్ ఇంజనీరు. కెనడా అనుభవం ఉందా అని అడిగారు, ఎక్కడికి పోయినా అదే మాట. అప్పట్లో మేం ఉండే ఒంటారియో రాష్ట్రంలో ఇంజనీరు లైసెన్సుకు ఏడాది కెనడా అనుభవం కావాలనేవాళ్లు, 2023లో ఆ నిబంధన ఎత్తేశారు. ఆయన 14 నెలలు గోదాములో రాత్రి షిఫ్టు చేశాడు, డబ్బాలు సర్దే పని. జనవరిలో పొద్దున ఆరింటికి బస్టాపులో నిలబడితే కనురెప్పల మీద మంచు పేరుకునేది. ఇంటికొచ్చి ఆ బూట్లు విప్పే ఓపిక ఉండక, గుమ్మంలో అట్లాగే కూర్చుండిపోయేవాడు. కెనడా స్వర్గం అని నేను ఎవరికీ చెప్పను.

ఇప్పుడు రెండో రోజు వినండి. 2023 ఫిబ్రవరి. మళ్లీ అదే. పావుగంట మీటింగ్, లాప్‌టాప్ లాక్. ఇంటికొచ్చాను. తెలుగు క్యాలెండర్ గోడకు ఉంది. మా ఆయన దాని వంక చూశాడు, నేనూ చూశాను. స్కెచ్‌పెన్ ఎవరూ తీయలేదు.

ఎందుకంటే లెక్కబెట్టాల్సిన రోజులు లేవు. ప్రభుత్వం ఇచ్చిన నా హెల్త్ కార్డు అట్లాగే ఉంది. పిల్లల బడి అట్లాగే ఉంది. ఉద్యోగ బీమా ఇచ్చారు, జీతంలో 55 శాతం లెక్క, ఆ ఏడాది వారానికి గరిష్ఠం 650 డాలర్లు. అది అద్దెకే సరిపోయింది, కూడబెట్టిన డబ్బు కరిగింది. ఏడవలేదా అంటే ఏడ్చాను. కానీ ఆ ఏడుపు ఉద్యోగం పోయినందుకే, దేశం పోతుందని మాత్రం కాదు. ఈ రెండు ఏడుపుల మధ్య ఎంత తేడా ఉందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఐదు నెలలు పట్టింది ఇంకో ఉద్యోగానికి. డాలస్‌లో ఆ ఐదు నెలలు నాకు ఎవరిచ్చేవాళ్లు?

జర్మనీలో ఇది ఇంకో రకంగా ఉంటుంది. మా తమ్ముడు బ్లూ కార్డు మీద, అంటే చదువుకున్న ఉద్యోగులకు ఇచ్చే వీసా మీద, పోయాడు. అక్కడ కూడా మొదట్లో వీసా ఉద్యోగానికి కట్టే ఉంటుంది, కాకపోతే వెతుక్కోవడానికి నెలల గడువు ఉంటుంది. ఏడాది పాటు బీమా కట్టినవాళ్లకు ఉద్యోగం పోతే చేతికొచ్చే జీతంలో 60 శాతం ఇస్తారు, పిల్లలుంటే 67. బ్లూ కార్డు మీద శాశ్వత నివాసానికి 27 నెలలు, జర్మన్ భాష బీ1, అంటే మధ్య స్థాయికి వస్తే 21 నెలలే. పదేళ్లకు పైబడిన లైన్ ఎక్కడ, 21 నెలలెక్కడ. కానీ ఆ బీ1 ఉందే, అది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. మా తమ్ముడు పని నుంచి వచ్చి రాత్రి తొమ్మిది దాకా రెండేళ్లు క్లాసుకు పోయాడు. ఇంటికొచ్చే ప్రతి ఉత్తరం జర్మన్‌లోనే. ఆఫీసులో ఇంగ్లీషు నడుస్తుంది, ఇల్లు వెతకడానికి, విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంటుకు నడవదు. మా మరదలికి మొదటి ఏడాదంతా మాట్లాడే మనిషి లేడు. జర్మనీ ఐదో ర్యాంకు అని చదివినప్పుడల్లా నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది.

ఇక జబ్బు చేసిన రోజు. డాలస్‌లో ఒక రాత్రి మా ఆయనకు కిడ్నీలో రాయి నొప్పి. ఎమర్జెన్సీకి పోయాం. ఇరవై నిమిషాల్లో చూశారు, స్కాన్ తీశారు, నొప్పి తగ్గించారు. వైద్యానికి వంక పెట్టను. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. మొదటి ఉత్తరం పైన పెద్ద అక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది. ఇన్సూరెన్సు వాళ్లు పంపే లెక్క అది. అసలు బిల్లులు ఒక్కొక్కటే వస్తాయి. ఆసుపత్రిది ఒకటి, డాక్టరుది ఒకటి, స్కాన్ చూసినవాళ్లది ఒకటి, ల్యాబుది ఒకటి. మూడు నెలల దాకా వస్తూనే ఉన్నాయి. మంచి ఇన్సూరెన్సు ఉండి కూడా మొదటి 3,000 డాలర్లు మేమే కట్టుకోవాలి. ఆ ఇన్సూరెన్సు కూడా ఉద్యోగంతో వచ్చిందే. ఉద్యోగం పోతే ఏమవుతుందో మీరే ఊహించండి.

కెనడాలో మా పాప మంచు మీద స్కేటింగ్ చేస్తూ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏడు గంటలు కూర్చోబెట్టారు. ఏడు గంటలు! పాప ఏడ్చి ఏడ్చి నా ఒళ్లో నిద్రపోయింది. ఎక్స్‌రే, కట్టు, మళ్లీ మళ్లీ చూడటం అంతా అయ్యాక మేం కట్టింది కారు పార్కింగ్, మందుల షాపులో మాత్రలు. మందులు, పళ్ల వైద్యం, కళ్లద్దాలు మామూలుగా ఆ హెల్త్ కార్డులో రావు. మా ఆయన మోకాలి స్కాన్‌కు ఐదు నెలలు ఆగాడు. లక్షల మందికి అక్కడ ఫ్యామిలీ డాక్టరే దొరకడు. అమెరికాలో డబ్బుకు భయపడ్డాం, కెనడాలో ఆలస్యానికి భయపడ్డాం. నాకు రెండో భయమే మేలనిపించింది. నాలుగు రోజుల్లో ఆపరేషన్ కావాల్సిన జబ్బు ఉన్నవాళ్లు వేరేగా చెప్పొచ్చు, వాళ్ల మాట కూడా వినండి.

బ్రిటన్ సంగతి త్వరగా చెప్పేస్తా. అక్కడ ఆసుపత్రి ఉచితం అంటారు, 1948 నుంచి. మనకు ఉచితం కాదు. వీసాతోపాటు ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జి ముందే కట్టాలి. భార్యాభర్తలిద్దరికి ఐదేళ్లంటే 10,350 పౌండ్లు, విమానం ఎక్కకముందే. ఆ తర్వాత జీతంలోంచి కోత మళ్లీ మామూలే. స్థిరనివాసానికి ఐదేళ్లుండేది, పదేళ్లు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం చెప్పింది. మాస్టర్స్‌కు పోయే విద్యార్థులు భార్యాపిల్లలను తీసుకుపోవడం 2024 జనవరి నుంచి ఆపేశారు, రీసెర్చి కోర్సులకు తప్ప. లండన్ అనుకుంటున్నవాళ్లు ఈ అంకెలు ఇంట్లో అందరితో కూర్చుని చూడండి.

పిల్లలు పుట్టినప్పుడు? మన దేశంలో సంఘటిత రంగంలో తల్లికి 26 వారాలు జీతంతో సెలవు, 2017లో పెంచారు. అమెరికాలో జీతంతో ప్రసూతి సెలవు ఇవ్వాలని దేశవ్యాప్త చట్టమే లేదు. 12 వారాలు జీతం లేకుండా, అదీ ఆ కంపెనీలో ఏడాది నిండితేనే. నాకు అప్పటికి ఎనిమిది నెలలే. పాప పుట్టిన ఆరు వారాలకు ఆఫీసుకు పోయాను. లంచ్ టైమ్‌లో తలుపు గడియపెట్టుకుని, పాలు తీసి సీసాలో పోసి, మీద పేరు రాసి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. బాబు 2020లో ఒంటారియోలో పుట్టాడు. ఏడాది ఇంట్లో ఉన్నాను, తక్కువ డబ్బుతోనే. వాడి మొదటి అడుగు నా కళ్లముందు పడింది. పాపది డేకేర్ ఆమె ఫోన్‌లో పంపిన వీడియోలో చూశాను.

నాకు చెప్పడానికి కష్టమైన భాగం ఇది. 2021 మేలో అవ్వ, అంటే మా అమ్మ, బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. కోవిడ్ రోజులు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇండియా నుంచి కెనడాకు నేరు విమానాలు ఆపేశారు. పోతే తిరిగి ఎప్పుడొస్తానో తెలియదు, ఇంట్లో చంటివాడు. పోలేకపోయాను. పక్కింటి పిల్లాడు అవ్వను కారులో వేసుకుని కరీంనగర్ తీసుకుపోయాడు. ఆ పిల్లాడు డిగ్రీ ఫెయిలై ఊళ్లో ఉండిపోయాడని అందరం మాట్లాడుకున్నవాళ్లమే. అవ్వను రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగుతున్న ఫొటో నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. ఏ సూచీలో ఉంది దీనికి గడి?

అమ్మానాన్నలను తెచ్చుకుందామంటే దేశానికో దారి. అమెరికాలో మనం పౌరులం అయితేగాని తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు అడగలేం, అప్పటిదాకా విజిటర్ వీసా మీద ఒక్కో రాకకు మామూలుగా ఆరు నెలలు. కెనడాలో సూపర్ వీసా ఉంది, ఒకసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు, ఇన్సూరెన్సు మనమే కొనాలి. ఆస్ట్రేలియాలో మా చెల్లె కనుక్కుంది. డబ్బు కట్టే దారిలో ఒక్కొక్కరికి దాదాపు 50 వేల ఆస్ట్రేలియా డాలర్లు, తక్కువ డబ్బు దారిలో దశాబ్దాల నిరీక్షణ. 65 ఏళ్ల తల్లికి దశాబ్దాల లైన్ అంటే ఏమని అర్థం?

ఆస్ట్రేలియా మాట వచ్చింది కాబట్టి ఒక మంచి సంగతి. అక్కడ పాయింట్లలో మన తెలుగుకు 5 పాయింట్లు ఉన్నాయి. ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మాట మార్చి చెప్పే పరీక్ష ఒకటి ఉంది, అది పాసైతే 5. మా చెల్లె ఆ పరీక్షకు తయారవుతూ "తనఖా"కి ఇంగ్లీషు ఏమిటి, "మార్ట్‌గేజ్"కి తెలుగు ఏమిటని నాకు ఫోన్ చేసేది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల, పీఆర్ కోసం తెలుగు నేర్చుకుంది. ఇప్పుడు వార్డులో తెలుగు ముసలమ్మ ఎవరైనా వస్తే నాలుగు మాటలు తెలుగులో మాట్లాడి ధైర్యం చెప్పేది మా చెల్లెనే. కనీస వేతనం, సెలవులు, పింఛను జమ, అన్నీ గట్టిగా ఉన్న దేశం అది. 2025 జులై నుంచి జీతం మీద 12 శాతం కంపెనీయే పింఛను ఖాతాలో వేయాలి. అమెరికాలో నేను కూడా సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడి పింఛను జమ, కట్టాను, పదేళ్ల లెక్క నిండకపోతే పింఛను రాదు. ఇండియాకు జర్మనీతో, కెనడాతో, ఆస్ట్రేలియాతో దాని మీద ఒప్పందాలున్నాయి, అమెరికాతో లేదు.

డబ్బు సంగతి దాచను. సంపాదన వరకే అయితే, నా అనుభవంలో అమెరికాకు సాటి లేదు. మా బ్యాచ్‌లో అక్కడే ఉండిపోయినవాళ్లు నాకన్నా రెండింతలు కూడబెట్టారు. పదేళ్లు పనిచేసి, మళ్లీ ఇక్కడికే వచ్చి స్థిరపడదామని పోయేవాళ్లకు అది సరైన దేశం కావచ్చు. కానీ 2025 సెప్టెంబరు నుంచి బయటి దేశం నుంచి తెచ్చుకునే కొత్త హెచ్‌1బీ మీద లక్ష డాలర్ల ఫీజు అన్నారు. కెనడా కూడా తలుపు దగ్గరికి వేస్తోంది. 2024లో 4,85,000 మందికి పీఆర్ లక్ష్యం, 2025కి 3,95,000. స్టూడెంట్ వీసాకు ఖాతాలో చూపించాల్సిన డబ్బు 2024 జనవరిలో 10,000 డాలర్ల నుంచి 20,635కు పెంచారు. నేను పోయిన దారి నా వెనకే సన్నబడింది. అందుకే నన్ను చూసి నిర్ణయం తీసుకోకండి.

గల్ఫ్‌కు పోయే అన్నలు, తమ్ముళ్లు ఈ హాల్లో ఉన్నారు. మీకు ర్యాంకులు ఎవరూ చెప్పరు, మీరూ అడగరు. మీరు కూడా అడగాలి. ఖతర్‌లో 2020 నుంచి పాత యజమాని అనుమతి కాగితం లేకుండా పని మారొచ్చు, కనీస వేతనం 1,000 రియాల్స్, తిండి, వసతి ఇవ్వకపోతే వాటికి వేరే. సౌదీలో 2021లో కొంత సడలించారు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు, డ్రైవర్లకు అది వర్తించలేదు. మన కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు పోయే అక్కలు ఎక్కువగా ఇళ్లలోనే పనిచేస్తారు. అంటే ఒకే గల్ఫ్‌లో కంపెనీ వీసా బతుకు వేరు, ఇంటిపని వీసా బతుకు వేరు. విజిట్ వీసా మీద పోయి అక్కడ పని చూసుకుందాం అనొద్దు. అకామా, అంటే అక్కడి నివాస కార్డు, లేకుండా దొరికితే, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఫిర్యాదు చేస్తే, మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయిపోతాడు. ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు, ఉన్నవాళ్లు ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదై పోతే పది లక్షల ప్రవాసీ బీమా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. ఏజెంటుకు లక్షన్నర ఇచ్చి, ఈ 275 వదిలేసినవాళ్లను నేను చూశాను.

మా బాపు 2010లో తిరిగొచ్చాడు. 22 ఏళ్ల పనికి ఫైనల్ సెటిల్‌మెంట్ ఇచ్చారు, లెక్క ప్రకారమే ఇచ్చారు. చివరి రోజు వీసా క్యాన్సిల్ చేసి, కార్డు తీసుకున్నారు. అంతే. 22 ఏళ్లు ఉన్న ఊళ్లో నెల దాటితే ఉండటానికి ఆయనకు కాగితం లేదు. నేను 2022లో కెనడా పౌరసత్వానికి అప్లై చేశాను, ఐదేళ్లలో 1,095 రోజులు ఉంటే చాలు. అది రాగానే మన పాస్‌పోర్టు వదిలేయాలి, మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ కార్డు, అంటే వేరే దేశం పౌరులైన మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, తీసుకున్నా. ఆ కార్డుతో ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనలేను. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. బాపు షార్జా డబ్బుతో కొన్న రెండెకరాలు ఉన్నాయి. "మరి నీకు వస్తదా రాదా?" అని మూడుసార్లు అడిగాడు. వస్తుంది బాపూ అని మూడుసార్లూ చెప్పాను.

చెల్లే, నీకు ఒక దేశం పేరు చెప్పలేదు, నాకు తెలుసు. నీ వయసెంత, ఎంత లోను, ఏ చదువు, మీ అమ్మానాన్నల దగ్గర ఇంకెవరున్నారు, ఇవి తెలియకుండా చెప్తే నేను నీకు అన్యాయం చేసినట్టు. నువ్వు చూస్తున్న దేశం ఏదైనా సరే, ఇప్పుడు మూడు మాటలు రాసుకో. ఉద్యోగం పోతే ఎన్ని రోజులు? జబ్బు చేస్తే ఎవరు కడతారు? ఆ దేశం నన్ను ఎన్నేళ్లకు తనదానిగా రాసుకుంటుంది? యూనివర్సిటీ బ్రోచర్‌లో ఇవి ఉండవు, వీసా షరతుల్లో ఉంటాయి.

ఎవరి దగ్గరైనా ఆఫర్ లెటర్, వీసా కాగితం ఫోన్‌లో ఉంటే ఇటు తీసుకురండి. తెలుగులో చదివి చెప్తాను. సాయంత్రం ఆరు దాకా ఇక్కడే ఉంటాను. ముందు గల్ఫ్ వాళ్లు రండి, మీకు బస్సు దూరం.